దెబ్బ ఒకటే, ఎనర్జీ లెక్క మాత్రం వేరు

మొన్న ఆదివారం మా అక్క కొడుకు ఎంసెట్ లెక్కలు చేసుకుంటూ (పేరు మారి ఈఏపీసెట్ అయ్యింది కానీ మా ఇంట్లో ఇంకా ఎంసెట్టే) నోట్‌బుక్ పట్టుకుని నా దగ్గరికొచ్చి "మావయ్యా, నలభై మీటర్లు వస్తోంది, ఆప్షన్స్‌లో లేదు" అన్నాడు. లెక్కేంటంటే, 2 కిలోల చెక్క దిమ్మ తాడుకి వేలాడుతోంది, 10 గ్రాముల బుల్లెట్ సెకనుకి 400 మీటర్ల స్పీడుతో వచ్చి అందులో దిగబడిపోయింది, దిమ్మ ఎంత ఎత్తుకి లేస్తుంది?

బుల్లెట్ ఎనర్జీ 800 జూల్స్ కదా, అదంతా ఎత్తుగా మారిపోయింది అని వాడు లెక్క కట్టేశాడు. అంటే బుల్లెట్ తగిలితే చెక్క దిమ్మ పదమూడంతస్తుల బిల్డింగ్ ఎత్తుకి లేవాలి! అసలు ఆన్సర్ 20 సెంటీమీటర్లు. జానెడే.

ఈ తప్పు చాలామంది పిల్లలు చేస్తారు, ఎందుకు చేస్తారో కూడా నాకు అర్థమవుతుంది, ఎనర్జీ ఎక్కడికీ పోదు అని చిన్నప్పటి నుంచి నూరిపోస్తాం కదా. పోదు, నిజమే. కానీ బుల్లెట్ దిగబడే ఆ క్షణంలో అది చెక్కని చీల్చడానికి, వేడెక్కించడానికి ఖర్చయిపోతుంది. ఆ క్షణంలో నమ్మదగ్గది మొమెంటమ్ (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది, గుద్దుకోవడానికి ముందూ తర్వాతా మొత్తం మారదు) ఒక్కటే. మొమెంటమ్‌తో చేస్తే దిమ్మ స్పీడు సెకనుకి 2 మీటర్లు కూడా రాదు, దాని ఎనర్జీ 4 జూల్స్, మిగతా 796 చెక్క లోపలే అయిపోయాయి. అక్కడి నుంచి పైకి లేవడానికి మాత్రం ఎనర్జీ లెక్క చక్కగా పనిచేస్తుంది. బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లిష్ ఆయన 1742లోనే ఈ వేలాడే దిమ్మతో తుపాకీ గుండు స్పీడు ఎలా కొలవాలో రాశాడు. గుండుని కంటితో చూడలేం, దిమ్మ ఎంత ఊగిందో చూడొచ్చు, అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టడమే.

మా వాడికి ఇది ఒప్పుకోవాలనిపించలేదు. "796 జూల్స్ పోవడం ఏంటి మావయ్యా" అని పట్టు. అప్పుడు మా ఊరి కొలిమి గుర్తొచ్చింది.

చిన్నప్పుడు బడి నుంచి వస్తూ కమ్మరి కొలిమి దగ్గర ఆగిపోయేవాణ్ణి. కొడవలి సాగదీస్తున్నప్పుడు ఎర్రగా కాలిన ఇనుము మీద సుత్తి పడితే 'దబ్' అని మెత్తటి చప్పుడు, సుత్తి అక్కడే ఆగిపోతుంది, ఇనుము కాస్త పరుచుకుంటుంది. మధ్యమధ్యలో ఖాళీ దాగలి (ఇనుము పెట్టి కొట్టే దిమ్మ) మీద ఊరికే కొడితే 'టింగ్' అని సుత్తి దానంతటదే పైకి ఎగిరేది. అదే చెయ్యి, అదే సుత్తి.

సుత్తి 2 కిలోలు, దిగేటప్పుడు స్పీడు సెకనుకి 5 మీటర్లు అనుకుందాం. ఎనర్జీ 25 జూల్స్. దాగలి 100 కిలోలు. ఎర్రటి ఇనుము మీద పడి సుత్తి ఎగరకపోతే సుత్తి, దాగలి కలిసి సెకనుకి 10 సెంటీమీటర్ల లోపు స్పీడుతో కదులుతాయి, వాటి దగ్గర మిగిలేది అర జూల్. మిగతా 24.5 ఇనుములోకే, కమ్మరికి కావలసింది అదే! ఇంక టింగ్ మన్నప్పుడు, సుత్తి దాదాపు వచ్చిన స్పీడుతోనే వెనక్కి ఎగిరింది కాబట్టి దాగలికి తగిలిన ఇంపల్స్ (దెబ్బ వల్ల మొమెంటమ్ ఎంత మారిందో అది) ఇంచుమించు రెట్టింపు. అయినా దాగలికి దక్కేది రెండు జూల్స్‌కి మించదు, మిగతా అంతా సుత్తితోనే తిరిగొచ్చేస్తుంది. ఇంపల్స్ పెరిగింది, అయినా ఇనుము సాగదీసే పని జరగలేదు. నాకు ఈ విషయం మొదటిసారి తట్టినప్పుడు ఎంత సంతోషమేసిందో.

మేకుకి ఇదంతా తలకిందులు. అరకిలో సుత్తితో 10 గ్రాముల మేకుని కొడితే, సుత్తీ మేకూ కలిసి కదిలేటప్పటికి దెబ్బలో పోయేది నూటికి రెండు వంతులే, 98 వంతులు మేకుని లోపలికి దించడానికి మిగులుతుంది. కానీ చెక్క గట్టిగా నిలబడాలి. మా నాన్న పాత తలుపు బాగుచేస్తుంటే ఒక పలుచటి పలక మీద మేకు ఎంత కొట్టినా దిగలేదు, పలకే ఊగిపోతోంది, దెబ్బ ఎనర్జీ అంతా ఆ ఊగడానికే పోతోంది. ఆయన వంటింట్లోంచి పొత్రం తెచ్చి వెనక ఆనించి పట్టుకోమన్నారు. మూడు దెబ్బలు, మేకు దిగిపోయింది. నా చేతికి మాత్రం పొత్రం ప్రతి దెబ్బకీ కొంచెం అదిరినట్టు తెలిసిందంతే.

దీనికి లెక్క ఒకటుంది, పుస్తకాల్లో ఒక మూలన పడుంటుంది కానీ నా దృష్టిలో అదే అసలైనది. ఒక వస్తువుకి ఇంపల్స్ తగిలితే, దానికి దక్కే ఎనర్జీ ఎంతంటే ఆ ఇంపల్స్‌ని, దెబ్బకి ముందు వేగం, తర్వాత వేగం కలిపి సగం చేసి గుణించడమే (దెబ్బ కదిలే దిశలోనే ఉంటే). కాబట్టి వస్తువు ముందే ఎంత జోరుగా కదులుతోందో దాన్ని బట్టి ఒకే దెబ్బ విలువ మారిపోతుంది. ఉయ్యాలలో 30 కిలోల పిల్ల కూర్చుంది, ఆగి ఉన్నప్పుడు 1 మీటరు స్పీడు వచ్చేలా తోస్తే 15 జూల్స్. అదే తోపు, ఉయ్యాల అడుగున 3 మీటర్ల స్పీడులో ఉన్నప్పుడు ఇవ్వగలిగితే 105 జూల్స్!

2013 నవంబర్ 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన మంగళయాన్‌ని భూమి చుట్టూ తిప్పుతూ కక్ష్య పెంచారు కదా, అది భూమికి దగ్గరగా వచ్చినప్పుడు, అంటే స్పీడు బాగా ఉన్నప్పుడు ఇంజిన్ వెలిగించారు, డిసెంబర్ 1న అంగారకుడి వైపు మళ్లించినప్పుడు కూడా అంతే. ఆ చివరి మంట ఇరవై నిమిషాల పైన సాగింది కాబట్టి సుత్తి దెబ్బ లాంటిది కాదు, కానీ లెక్క వెనకున్న సూత్రం ఇదే.

ఇదంతా విని మా వాడు "మరి మనం ఉయ్యాలని చివరికొచ్చి ఆగినప్పుడే ఎందుకు తోస్తాం మావయ్యా?" అన్నాడు. మంచి ప్రశ్న. అడుగున జోరుగా పోయే పీటని చెయ్యి సరిగ్గా అందుకోలేదు, ఆనేలోపే దాటిపోతుంది, ఆ తోపే మనం ఇవ్వలేం. చివర్లో అయితే పీట పట్టుకుని దాంతోపాటే రెండడుగులు పరిగెడుతూ తోయొచ్చు, అది కిందకి వచ్చి స్పీడందుకునే దాకా.