నల్ల గాజులో స్ఫటికాలు: ఫెర్రస్, ఫెర్రిక్ లెక్క

బసాల్ట్ (నల్లటి అగ్నిపర్వత శిల) గానీ, రాగి స్లాగ్ (రాగి తీశాక మిగిలే చిట్టెం) గానీ కరిగించి గ్లాస్ సిరామిక్ (గాజులో స్ఫటికాలు పెంచి చేసే పదార్థం) చేసేవాళ్లు మొదట చూసేది ఇనుము శాతం. నన్నడిగితే, ఆ ఇనుములో ఫెర్రస్ (Fe²⁺) ఎంత, ఫెర్రిక్ (ఇంకా ఆక్సీకరణ చెందిన Fe³⁺) ఎంత అన్నది ముందు తేల్చుకోవాలి. మాగ్నెటైట్ అనే అయస్కాంత ఇనుప ఆక్సైడ్‌లో ఒక ఫెర్రస్ అయాన్‌కు రెండు ఫెర్రిక్ అయాన్లు ఉంటాయి. ఫెర్రిక్ చాలకపోతే మాగ్నెటైట్ సరిగా పుట్టదు. అది లేకపోతే పైరాక్సీన్ (సిలికేట్ ఖనిజం) పట్టుకుని పెరగడానికి గాజు లోపల ఆధారమే ఉండదు. అప్పుడు స్ఫటికాలు పైపొర నుంచి ముతకగా లోపలికి పాకుతాయి. ఈలోగా మెత్తబడిన ముక్క వంగిపోతుంది, లేదా పగులుతుంది.

రాగి స్లాగ్‌లో ఇనుము ఎక్కువగా ఫెర్రస్‌గానే ఉంటుంది. అందుకే గాలి బాగా తగిలేలా కరిగించాలి, అవసరమైతే కొద్దిగా సోడియం నైట్రేట్ కలపాలి. 1400-1450 డిగ్రీల సెల్సియస్ సాధారణంగా సరిపోతుంది. వేడి ఇంకా పెంచుకుంటూ పోతే ఫెర్రస్ వాటా మళ్లీ పెరుగుతుంది. కరిగించే పాత్ర అల్యుమినా మూసైతే దాన్ని ఈ ద్రవం తినేస్తుంది, కాబట్టి గాజులో అల్యుమినా లెక్క మారుతుంది. ప్లాటినం మూసైతే, ఆక్సిజన్ తక్కువైనప్పుడు ఇనుము ప్లాటినంలో కలిసిపోతుంది.

వేడి షెడ్యూల్‌కు మొదటి అంచనాగా 650-700 దగ్గర ఒక గంట, తర్వాత నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 850-900కి. అసలు అంకెలు మీ గాజు డీటీఏ (వేడి చేస్తూ ఏ ఉష్ణోగ్రత దగ్గర మార్పు వస్తుందో చూపే పరీక్ష) చెప్పాలి. మెత్తటి పొడికీ, ముతక ముక్కలకూ విడివిడిగా తీయండి. పొడి గ్రాఫ్‌లో స్ఫటికీకరణ శిఖరం బాగా తక్కువ వేడికే వస్తే స్ఫటికీకరణ పైపొరదే. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే లోపల కూడా బీజాలు పడుతున్నట్టే. పడకపోతే 0.5-1 శాతం క్రోమియం ఆక్సైడ్ వేయండి. అది గాజులో అంతగా కరగదు, స్పినెల్ (మాగ్నెటైట్ కుటుంబపు స్ఫటికం) బీజాలుగా విడిపోతుంది.

పొడిని సింటరింగ్ చేసేవాళ్లకు (అంటే వేడితో రేణువులను అతికించేవాళ్లకు) ఇంకో చిక్కు. గాలిలో రేణువుల అంచున ఫెర్రస్ ఆక్సీకరణ చెంది ఆ పొర చిక్కబడుతుంది. రేణువులు అతుక్కునేలోపే బిగుసుకుపోయి రంధ్రాలు మిగులుతాయి. ముక్కను కోసి చూస్తే బయట ఎర్రటి గోధుమరంగు హెమటైట్ (ఫెర్రిక్ ఆక్సైడ్) పొర, లోపల నలుపు. అయస్కాంతం లోపలి భాగాన్నే గట్టిగా లాగుతుంది. నైట్రోజన్‌లో కాలిస్తే ఈ బెడద చాలావరకు పోతుంది.

ఏ స్ఫటికాలు వచ్చాయో ఎక్స్‌రేలతో చూసే ఎక్స్‌ఆర్‌డీ పరీక్షకు కోబాల్ట్ ట్యూబ్ అడగండి. రాగి ట్యూబ్‌తో ఇనుము ఫ్లోరోసెన్స్ వల్ల బ్యాక్‌గ్రౌండ్ పెరిగి చిన్న శిఖరాలు మునిగిపోతాయి. మాగ్నెటైట్, మాగ్హెమైట్ (ఇనుమంతా ఫెర్రిక్‌గా ఉండే అయస్కాంత ఆక్సైడ్) శిఖరాలు మాత్రం దాదాపు ఒకచోటే పడతాయి. వాటిని విడదీయడానికి మోస్‌బావర్ (ఇనుము అయాన్ల స్థితి చెప్పే పరీక్ష) చేయించడం మేలు.