బోర్డు మీద గోదారి కాలువ

మా సాఫ్ట్‌వేర్ టీం చేసిన పనిని వెనక్కి తిరిగి చూసుకునే మీటింగ్, రెట్రోస్పెక్టివ్‌లో, ఈసారి ‘ఏం బాగుంది, ఏం బాలేదు’ అని అడగలేదు. బోర్డు మీద ధవళేశ్వరం ఆనకట్ట నుంచి శివారు చేను దాకా కాలువ గీశాను. కాకినాడలో కూర్చునే మా ఏడుగురిలో ఐదుగురు డెల్టా పిల్లలే, విడమరిచి చెప్పాల్సిన పనే పడలేదు. పనికి అడ్డొచ్చేవన్నీ కాలువని కమ్మేసే గుర్రపుడెక్క. వాయిదా వేస్తూ వచ్చిన పాత కోడ్ పూడిక. ఒకరి ఆమోదం కోసం ఆగిందల్లా లాకు, అంటే కాలువలో నీళ్లాపే తలుపు.

ఎవరి ఇబ్బంది వాళ్లు చీటీ మీద రాసి బోర్డుకి అంటించమంటే, చీటీలన్నీ లాకు దగ్గరే గుట్టపడ్డాయి. కోడ్ రివ్యూలన్నీ, అంటే ఒకరు రాసిన కోడ్‌ని ఇంకొకరు సరిచూసే పనంతా, నా ఒక్కడి దగ్గరే ఆగుతున్నాయి మరి.

ఎప్పుడూ నోరు విప్పని టెస్టింగ్ అమ్మాయి శివారు చేను మీద వేలు పెట్టి, “మా దాకా నీళ్లొచ్చేసరికి శుక్రవారం సాయంత్రమైపోతోందండి” అంది. మా నాన్నదీ శివారు పొలమే. వంతు నీళ్ల కోసం రాత్రుళ్లు గట్టు మీద కూర్చునేవాడు. ఆ మాట నాకు గట్టిగా తగిలింది.

రివ్యూలు మరో ఇద్దరికి పంచాను. వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీసినట్టే, ప్రతి మూడో స్ప్రింట్‌లో (పనిని విడగొట్టుకునే ఒక్కో విడత) రెండు రోజులు కొత్త పని ఆపి పాత కోడ్ బాగుచేస్తున్నాం.

ఈ వారం టెస్ట్ చేయాల్సిన బిల్డ్ ఆ అమ్మాయికి బుధవారం మధ్యాహ్నానికే అందింది.