సిలబస్‌లో లేని సుల్తాను

ఇస్తాంబుల్‌లో మొదటి రోజు గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. హాగియా సోఫియా టికెట్ మనిషికి 25 యూరోలు. ఇద్దరికీ కలిపి మన డబ్బుల్లో నాలుగున్నర వేలు దాటింది. అంత పోసి వెళ్తే విదేశీయుల్ని పై అంతస్తుకే పంపిస్తారు, కింద హాల్లోకి అడుగు పెట్టనివ్వరు. సాయంత్రం ఎక్కిన టాక్సీ అతను మీటరు వేయకుండా తీసుకెళ్లి, దిగేటప్పుడు నోటికొచ్చినంత అడిగాడు. హోటల్‌కి చేరేసరికి నాకు ఊరి మీదే కోపం వచ్చేసింది.

మర్నాడు పొద్దున మా అమ్మాయి గ్రాండ్ బజార్ అంది. అది ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేస్తుంది. దాని దగ్గరికి మూడు నెలలకని వెళ్లాను. షెంజెన్ వీసా ఉంటే టర్కీ ఈ-వీసా తేలిగ్గా వస్తుందని తెలిసి, నేనే పట్టుబట్టి ఇటు తీసుకురమ్మన్నాను. "బజార్ తర్వాత చూద్దాం, ముందు సులేమానియే మసీదుకి పోదాం" అన్నాను. ఎందుకని అడగలేదు. దానికి తెలుసు.

నేను ఖమ్మం జిల్లాలో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పాను. మన పాఠాల్లో ఈ ఊరు రెండుసార్లే వస్తుంది. 1453లో ఒట్టోమాన్ టర్కులు కాన్‌స్టాంటినోపుల్‌ను, అంటే ఈ ఇస్తాంబుల్‌నే, గెలుచుకున్నారని ఒకసారి, 1919లో మొదలైన ఖిలాఫత్ ఉద్యమంలో ఇంకోసారి. మధ్యలో 466 ఏళ్లు ఖాళీ. ఒక ఏడాది పదో తరగతిలో ఒక పిల్లవాడు లేచి, "మేడమ్, గెలిచినవాళ్లు తర్వాత ఏం చేశారు?" అన్నాడు. "సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నాను. వాడు కూర్చున్నాడు. రిటైరయ్యాక ఎన్నో మర్చిపోయాను గానీ, వాడు కూర్చున్న తీరు మాత్రం గుర్తుండిపోయింది. వాడి ప్రశ్న కోసమే చదవడం మొదలుపెడితే, ఆ మసీదు కట్టించిన ఒట్టోమాన్ సుల్తాను ఈ సులేమాన్ ఎదురయ్యాడు.

ప్రతి ఏడాదీ బోర్డు మీద "1526 ఏప్రిల్, పానిపట్టు" అని రాసి కింద గీత గీసేదాన్ని. అదే ఏడాది ఆగస్టులో సులేమాన్ మొహాచ్ దగ్గర హంగరీ సైన్యాన్ని చిత్తు చేశాడు. పారిపోతూ ఆ రాజు నీళ్లలో మునిగి చనిపోయాడు. పానిపట్టులో బాబరు ఫిరంగులు నడిపిన ముస్తఫా రూమీ పేరులోని 'రూమీ' అంటే ఒట్టోమాన్ల దేశం వాడనే. ఇంకో సంగతి నన్ను మరీ ఆశ్చర్యపరిచింది. శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు గెలిచిన 1520లోనే సులేమాన్ గద్దెనెక్కాడు. తళ్లికోట యుద్ధం 1565 జనవరిలో. ఇతను పోయింది 1566 సెప్టెంబరులో. మన విజయనగరం శిఖరమెక్కి నేల కూలేదాకా అక్కడ ఒక్కడే 46 ఏళ్లు ఏలాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఒక్క క్లాసులోనూ చెప్పలేదు నేను.

ట్రామ్‌లో బెయాజిత్ దగ్గర దిగి, యూనివర్సిటీ గోడ వెంట నడిచాం. దగ్గరే అన్నారు గానీ రాళ్లు పరిచిన ఎగుడుదిగుడు దారి, నా మోకాళ్లు గోల పెట్టాయి. టికెట్ లేదు. చెప్పులు విడిచి, తలమీద చున్నీ కప్పుకుని లోపలికి వెళ్లాం.

సులేమాన్ ఆస్థాన శిల్పి సినాన్ 1550లో మొదలుపెట్టి 1557లో పూర్తిచేశాడు దీన్ని. పై గుమ్మటం ఎత్తు 53 మీటర్లు. అయినా లోపల నిలబడితే మనిషిని అణిచేసినట్టుండదు. గుమ్మటం చుట్టూ కిటికీల్లోంచి దిగే వెలుగు తివాచీ మీద పాలు ఒలికినట్టు పరుచుకుంది. వెనక వరుసలో ఒక ముసలాయన గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నాడు, ఎవరూ లేపలేదు. ఆ రోజుల్లో వేలకొద్దీ నూనె దీపాల మసి గోడలకు పట్టకుండా, గాలి వాటంతో తలుపు పైనున్న గదిలోకి చేరేలా కట్టాడట సినాన్. ఆ మసితో రాతకు సిరా చేసేవారట. జీవితమంతా సుద్దముక్క పొడి పీల్చినదాన్ని, ఆ మాట వినగానే గుమ్మం పైకి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

మసీదు చుట్టూ కట్టినవి ఇంకా పెద్దవి. చదువుకునే మదర్సాలు, ఆసుపత్రి, హమామ్, సత్రం, రోజూ విద్యార్థులకూ బీదలకూ బాటసారులకూ వండిపెట్టే వంటశాల. మన పల్లెల్లో గుడీ చెరువూ అన్నసత్రమూ ఒక్కచోట ఉండేవి కదా, అలాంటిదే రాజు ఖజానాతో కడితే ఇలా ఉంటుంది.

వెనకవైపు తోటలో సమాధులు. మగవాళ్ల రాళ్ల మీద తలపాగాలు, ఆడవాళ్ల రాళ్ల మీద పూలు చెక్కారు. సులేమాన్ గోరీ ఎనిమిది పలకల భవనం. లోపల పొడవాటి పెట్టె, తల దగ్గర పేద్ద తెల్లటి తలపాగా. గోడలకు ఇజ్నిక్ ఊరి పింగాణీ పలకలు, వాటి ఎరుపు పండుమిర్చి రంగు. పక్కనే ఇంకో చిన్న గోరీ, అతని భార్య హుర్రెమ్‌ది. బానిసగా వచ్చి భార్య అయింది. 1558లో అతనికంటే ముందే పోయింది. ఆమె పలకల నిండా విరగబూసిన కొమ్మలు.

బయట బెంచీ మీద కూర్చుని మోకాళ్లు పిసుక్కుంటున్నాను. పక్కనే నా ఈడు ఆవిడ, పూల కోటు, తలకి తెల్ల గుడ్డ. నా చేతుల్ని చూసి పాటలా ఏదో అంది. మా అమ్మాయి ఫోన్ ముందు పెట్టి మళ్లీ చెప్పమంది. ఫోన్ చూపించిన తెలుగు ఇది: "లోకంలో ఒక్క ఊపిరి ఆరోగ్యం లాంటి ప్రభుత్వం ఉండదు." ఇద్దరం మొహాలు చూసుకున్నాం. అప్పుడు మా అమ్మాయి ఆవిడ మాటనే మెల్లగా చదివింది. "ఓల్మాయా దెవ్లెత్ జిహాన్‌దా, బిర్ నెఫెస్ సిహ్హత్ గిబి."

దెవ్లెత్! మన దౌలత్. "వాడికేంటి, దౌలత్ ఉన్నోడు" అని మా వీధిలో రోజూ వినే మాట. జిహాన్ అంటే జహాన్. సిహ్హత్ అంటే సేహత్. ఫోన్‌కి అందలేదు గానీ నాకు అందింది. లోకంలో దౌలత్ అంటూ ఉంటే అది ఒక్క ఊపిరి ఆరోగ్యమే. "ఆరోగ్యమే మహాభాగ్యం" అన్నాను నేను. మా అమ్మాయి దాన్ని ఫోన్‌లో పెట్టి వినిపిస్తే ఆవిడ నవ్వి నా చెయ్యి పట్టేసుకుంది. తర్వాత గోరీ గుమ్మం వైపు వేలు చూపించి "కానూనీ" అంది.

ఆ పద్యం రాసింది సులేమానే. ముహిబ్బీ అనే కలం పేరుతో రాసేవాడు. యూరప్‌ వాళ్లు అతని వైభవాన్ని చూసి పేరు పెడితే, సొంత జనం కానూనీ అన్నారు, చట్టం చేసినవాడని. ఏ భూమికి ఎంత పన్ను, ఏ నేరానికి ఎంత జరిమానా అన్నది పాత చట్టాలు సవరించి రాతలో పెట్టించాడు. ఆ పద్యం రాసినవాడికీ నాలాగే కాళ్ల నొప్పులు, గౌటు. 71 ఏళ్ల వయసులో గుర్రమెక్కలేక బండిలో హంగరీ దాకా యుద్ధానికి పోయాడు. సిగెత్‌వార్ కోట ముట్టడిలో ఉండగా డేరాలోనే ఊపిరి పోయింది. కొడుకు వచ్చేదాకా, ఏడు వారాలకు దగ్గరగా, వజీరు సొకొల్లు మెహ్మెత్ పాషా ఆ సంగతి సైన్యానికి తెలియనివ్వలేదు.

ఆ కొడుకు సెలీమ్. మిగిలింది అతనొక్కడే. అంతకుముందు 1553లో పెద్దకొడుకు ముస్తఫాను సులేమాన్ తన డేరాకి పిలిపించుకుని అక్కడే గొంతు బిగించి చంపించాడు. సైనికులకు ప్రాణమైన కొడుకు. తండ్రిని దించేస్తాడని చెవిలో ఊదినవాళ్లు ఊదారు. 1561లో ఇంకో కొడుకు బాయెజీద్, అతని పిల్లలు కూడా. గద్దెనెక్కినవాడు రాజ్యం బాగు కోసం అన్నదమ్ముల్ని చంపించవచ్చని ముత్తాత రెండవ మెహ్మెత్ నాటి కానూనే చెప్తుంది. పన్నుకీ జరిమానాకీ హద్దు గీసినవాడు ఈ ఒక్కచోట ఎందుకు గీయలేదు? ఇది చదివిన రోజునుంచి నాకు అతని మీద కోపం. ఆ కోపంతోనే ఇక్కడికి వచ్చాను, గోరీ ముందు నిలబడితే తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గలేదు. అదే సమయంలో ఆ పద్యం మీద ప్రేమా పోలేదు.

ఆవిడని "ముస్తఫా?" అని అడిగాను, అంతే. ఆవిడ అరచెయ్యి గుండె మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. నాలుగు వందల డెబ్బై ఏళ్ల కిందటి చావుకి, నిన్న పక్కింట్లో జరిగినట్టు. "బుర్సా" అంది, చేత్తో సముద్రం అవతలికి చూపించి. అతని సమాధి అక్కడ. తల్లి మాహిదెవ్రాన్ కూడా కొడుకు పక్కనే ఉంది. కొడుకు పోయాక ఆమె ఏళ్ల తరబడి ఆ ఊళ్లోనే లేమిలో బతికింది. సంచీలోంచి నువ్వుల ఉండల పొట్లం తీసి ఆవిడకి ఇచ్చాను. వాసన చూసి, తన సంచీలోని సిమిత్ అనే గుండ్రటి రొట్టె తుంచి సగం నా చేతిలో పెట్టింది. దానికీ నువ్వులే.

మసీదు ఎదురుగా వరుసగా కొట్లు, అన్నిట్లోనూ ఒకటే వంట, కురు ఫసూల్యె. రాజ్మా లాంటి తెల్ల గింజలు, టమాటా ముద్దలో వెన్న వేసి మెత్తగా ఉడికించి, పక్కన పిలావు పెడతారు. మాంసం లేకుండా కావాలంటే "ఎత్‌సిజ్" అనాలి, ఈ ఒక్క ముక్క ముందే నేర్చుకున్నాను. గింజ నాలుక మీద పెడితే కరిగిపోయింది. పచ్చిమిర్చి ఊరగాయ కొరుక్కుంటూ, ఉప్పు మజ్జిగ లాంటి ఐరాన్ తాగుతూ తిన్నాం. ఇద్దరి బిల్లూ కలిపి నిన్నటి ఒక్క టికెట్ కంటే తక్కువే. అన్నం తిన్నాక మనసు కాస్త కుదుటపడింది. ఈ గింజలూ టమాటా మిర్చీ అన్నీ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. మిర్చి లేని ఖమ్మాన్ని ఊహించలేం, అలాగే ఈ వీధిని ఫసూల్యె లేకుండా ఊహించలేం.

దిగువకు వస్తుంటే మలుపులో ఒక చిన్న మూల స్థలం. సినాన్ సమాధి. ఇంత కట్టినవాడు తనకి ఆ మూల ఒక్కటే ఉంచుకున్నాడు, పక్కనే దారిన పోయేవాళ్లకి నీళ్లిచ్చే చిన్న కట్టడం. మనం చలివేంద్రం అంటామే, అది. మా అమ్మాయి అక్కడ ఫోటో తీసింది. ఆ రాత్రే స్కూల్ గ్రూపులో పెట్టాను.

ఎమినోనూ రేవులో బుర్సా సంగతి అడిగాను. ముదాన్యా దాకా ఓడ, సుమారు రెండు గంటలు. అక్కడి నుంచి బస్సు. మా ఫ్లైట్ రాత్రి పది గంటలకి. మా అమ్మాయి గడియారం చూసి, నన్ను చూసి, "వచ్చే ఏడు అమ్మా" అంది. టైములు రాసిన కాగితం అడిగి తీసుకుని పాస్‌పోర్టులో పెట్టుకున్నాను.