తాతయ్య తిన్న అమెరికా ఉప్మా

ప్రపంచంలో అమెరికా పలుకుబడి తగ్గుతోందా? మా అమ్మాయి స్కూల్లో డిబేట్ అంశం ఇది. తను 'తగ్గుతోంది' పక్షం తీసుకుంది. ఆ మాట వినగానే నేను, "వద్దమ్మా, రెండో పక్షానికి మారిపో, మనం అమెరికాలో వీసా మీద ఉన్నాం" అన్నాను. "స్కూల్లో మాట్లాడితే ఏమవుతుందమ్మా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

రాత్రి డిబేట్ కోసం తను రాసుకున్న కార్డులు చూశాను. మొదటి దాని మీద, ప్రపంచ సెంట్రల్ బ్యాంకుల విదేశీ నిల్వల్లో డాలరు వాటా 1999లో 71 శాతం, 2024 చివరికి 58 కంటే తక్కువ అని ఉంది. రెండోది వేరే దేశాలకి సాయం అందించిన అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్ ఎయిడ్ గురించి, 1961లో మొదలై 2025 జూలై 1న మూతపడిందని. ఎందుకో అక్కడ ఆగిపోయి మా నాన్నకి ఫోన్ చేశాను. ఆయనకి ఆ పేరు గుర్తు లేదు కానీ, దాని గుర్తయిన రెండు చేతులు కలిపిన బొమ్మ అనగానే, "ఆ సంచులా! మా ఎలిమెంటరీ స్కూల్లో కేర్ ఉప్మా ఆ రవ్వతోనే కదా వండేవాళ్లు" అన్నాడు. కేర్ అంటే అమెరికా తిండి సాయాన్ని బడులకి చేర్చిన స్వచ్ఛంద సంస్థ. పాలపొడి అరచేతిలో పోసుకుని నాలుకతో అద్దుకుంటే అంగిలికి అంటుకుపోయేదట. ఆ ఉప్మా తిన్న పిల్లాడే తర్వాత ఎకరం పొలం అమ్మి నన్ను ఎమ్మెస్‌కి పంపాడు. పలుకుబడి అంటే నాకు తెలిసింది అదే, యుద్ధనౌకలు కాదు.

ఇదంతా చెబితే మా అమ్మాయి మూడో కార్డు నా చేతిలో పెట్టింది. 1965, 66 కరువులో అప్పటి అమెరికా అధ్యక్షుడు జాన్సన్ మనకి గోధుమలు కొంచెం కొంచెంగానే వదిలాడని, వియత్నాం యుద్ధాన్ని మనవాళ్లు తప్పుపట్టడం ఆయనకి నచ్చలేదని అందులో ఉంది. "అన్నం పెడుతూనే నోరు మూయించాలని చూశారమ్మా" అంది. నేను తలెత్తలేకపోయాను.

మన భయాలు పిల్లల మీద రుద్దకూడదని తోటి తల్లులకి నేనే చెబుతుంటాను. కానీ 2025లో ఇక్కడ మాట్లాడినందుకే వీసాలు పోయిన విద్యార్థులున్నారు, తను హైదరాబాద్‌లో పుట్టిన పిల్ల, గ్రీన్ కార్డు క్యూ కదలకపోతే 21 ఏళ్లకి నా వీసా నీడ కూడా తనకి ఉండదు. మరి ఆ భయం తప్పంటే ఎలా ఒప్పుకోను? తనని ధైర్యంగా పెంచుదామనే కదా ఈ దేశం తెచ్చాను, ఆ ధైర్యం బయటపడగానే గొంతు తగ్గించమంటున్నాను.

ఉప్మా సంగతి కూడా డిబేట్‌లో చెప్పొచ్చా అని తాతయ్యని అడిగింది. "చెప్పు తల్లీ. బాగుండేదని కూడా చెప్పు" అన్నాడు. డిబేట్ శుక్రవారం. సరేనని నేనింకా అనలేదు, తను ప్రాక్టీస్ చేస్తూ టైం చూడమంటే మాత్రం ఫోన్ పట్టుకుని రోజూ ఎదురుగా కూర్చుంటున్నాను.