అన్నట్టు, ఆడవాళ్ళను గుర్తుపెట్టుకోండి: అబిగెయిల్ ఆడమ్స్ జాబులు ఎట్లా చదవాలి

"ఆడవాళ్ళను గుర్తుపెట్టుకోండి" అని 1776లో, అమెరికా వలసలు బ్రిటన్ మీద తిరగబడిన కాలంలో, అబిగెయిల్ ఆడమ్స్ తన భర్తకు రాసిన మాట మహిళా దినోత్సవం నాడు ఫోన్లన్నీ తిరుగుతుంది. దానికి ముందర ఆమె రాసిన చిన్న మాటను మాత్రం చాలామంది కత్తిరించేస్తారు. అది "అన్నట్టు". మీరు స్వాతంత్ర్యం ప్రకటించారన్న కబురు ఎప్పుడు వింటానా అని ఉంది, అన్నట్టు, కొత్త చట్టాలు రాయక తప్పదు కదా, అప్పుడు ఆడవాళ్ళను గుర్తుపెట్టుకోండి, మీ తాతముత్తాతల కంటే కాస్త ధారాళంగా ఉండండి. ఇదీ వరస. అన్నట్టు తీసేస్తే ఉపన్యాసంలా వినిపిస్తుంది. ఉంచితే పొలం, పిల్లలు, కూలీలు అన్నీ ఒక్కతే చూసుకుంటున్న ఇల్లాలు మాటల్లో మాటగా అన్నట్టుంటుంది. ఆమె బలం అంతా అక్కడే ఉంది.

ఆమె 1744లో మసాచుసెట్స్‌లోని వేమత్‌లో పాస్టరు ఇంట పుట్టింది. బడికి పోలేదు, ఇంట్లో పుస్తకాలే చదువు. 1764లో జాన్ ఆడమ్స్ అనే లాయరును పెళ్ళాడింది. 1774 నుంచి ఆయన కాంగ్రెసు (అమెరికా వలసల ప్రతినిధుల సభ) పనిమీద ఫిలడెల్ఫియాలో, ఆ తర్వాత ఫ్రాన్సు, హాలెండుల్లో. ఈమె బోస్టన్ దగ్గరి బ్రెయింట్రీలో నలుగురు పిల్లలతో, పొలంతో. ఆయన ముందుముందు అమెరికా రెండో ప్రెసిడెంటు అయ్యాడు, కొడుకు ఆరో ప్రెసిడెంటు. ఇద్దరి మధ్య నడిచిన జాబులే 1100కు పైగా మిగిలాయి. బోస్టన్‌లోని మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి.

పాత కడప జిల్లాలో, ముఖ్యంగా రాయచోటి, రాజంపేట పక్క పల్లెల్లో, ఇట్లాంటి జాబులంటే ఏమిటో ఎవరికీ విడమర్చి చెప్పే పనిలేదు. మగమనిషి కువైట్‌లో, ఇంటావిడ ఊళ్ళో. శనక్కాయ పెరకను కూలీలు దొరికినారా, బ్యాంకు డ్రాఫ్టు మారిందా, బోరులో నీళ్ళెంత, పిల్లోడి జ్వరం ఎట్లుంది, అంతా ఒక్క జాబులోనే. "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టి, అంచుల్లో కూడా చోటు వదలకుండా రాసిన జాబులు. అబిగెయిల్ రాతలోనూ అదే కలగలుపు ఉంది. అందుకే ముక్కలుగా కాకుండా, జాబుకు జాబు చదవాలంటాను.

మొదట నాలుగు జాబులు చదవండి, తారీఖుల వరసలో. 1776 మార్చి 31న ఆమె జాన్‌కు రాసింది. ఏప్రిల్ 14న ఆయన జవాబు, నీ చట్టాల సంగతి వింటే నవ్వొస్తోందని. ఏప్రిల్ 27న ఆమె తన స్నేహితురాలు మెర్సీ ఓటిస్ వారెన్‌కు రాసింది, ఆడవాళ్ళ కష్టాల జాబితా పంపితే నాతో పెంకెగా మాట్లాడాడని. మే 7న మళ్ళీ జాన్‌కు: లోకంలోని జాతులన్నిటికీ విముక్తి అంటున్నారు, పెళ్ళాల మీద పెత్తనం మాత్రం విడవనంటున్నారే అని. మూడోది వదిలేస్తే నాలుగోది ఒంటరి కోపంలా కనిపిస్తుంది. మధ్యలో మరో ఆడమనిషితో మాట్లాడుకుని వచ్చి రాసిందని తెలిస్తే దాని బరువు వేరు.

మొదటి జాబును దగ్గరగా చూద్దాం. నేను రాసే దాంట్లో సగమైనా మీరు రాయరే అన్న నిష్ఠూరంతో మొదలవుతుంది. తర్వాత వర్జీనియా సంగతి: సాటి మనుషుల స్వేచ్ఛను లాక్కోవడం అలవాటైన వాళ్ళకు స్వేచ్ఛ మీద అంత మక్కువ ఉంటుందా అని అనుమానం. బానిసత్వం మీద ఆ మాట పోస్టర్లకు ఎక్కదు. ఆపైన బోస్టన్‌లోని వాళ్ళ ఇల్లు. మార్చి 17న బ్రిటిషు సైన్యం ఊరు ఖాళీ చేసి పోయింది. ఇంట్లో ఒక పటాలం డాక్టరు దిగి మురికి చేసిపోయాడు గానీ వేరే నష్టమేమీ లేదు. మశూచి భయం వల్ల ఆమె ఇంకా బోస్టన్‌కు పోలేదు. వీటన్నిటి తర్వాతే "అన్నట్టు" వస్తుంది. జాబు అక్కడితో అయిపోలేదు. పంపే వీలు దొరకక ఏప్రిల్ 5న మరికొంత చేర్చింది: చుట్టుపక్కల పిల్లలకు గొంతు జబ్బు, పోయిన బిడ్డలు. సురేకారం చేస్తున్నావా అని ఆయన అడిగిన దానికి, ఇంకా మొదలుపెట్టలేదు, సబ్బు వండడం అయ్యాక చూస్తానని జవాబు. తుపాకి మందుకు సురేకారం కావాలి, అందుకా ప్రశ్న. ఇంటిల్లిపాదికి బట్టలు కూడా తనే తయారుచేయాలి.

ఏప్రిల్ 5న ముగిసిన దానికి ఏప్రిల్ 14న జవాబు పుట్టిందంటే దారిలో తొమ్మిది రోజులకు మించి పట్టలేదు. ఇది యుద్ధకాలంలో మంచి వేగమే. ఐరోపాకు వెళ్ళాక నెలలు పట్టేవి, కొన్ని సముద్రంలోనే పోయాయి. కాబట్టి ఒక జాబుకు దాని తర్వాతి తారీఖున్న జాబే జవాబు అనుకోవద్దు. రెండూ దారిలో ఎదురుపడి ఉండొచ్చు. "మీ ఫలానా తేదీ జాబు అందింది" అన్న వాక్యం ఎక్కడుందో ముందు వెతికి, దాన్నిబట్టి జతపరచండి.

పాఠం కోసం అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ ఫౌండర్స్ ఆన్‌లైన్ అనే సైటు వాడండి, ఉచితం. తారీఖు, రాసినవారి పేరు, అందుకున్నవారి పేరు ఇస్తే దొరుకుతుంది. చేతిరాత ఫొటోలు హిస్టారికల్ సొసైటీ సైటులో ఉన్నాయి. 1840లోనూ 1876లోనూ మనవడు చార్లెస్ ఫ్రాన్సిస్ ఆడమ్స్ అచ్చువేయించిన సంపుటాలూ నెట్‌లో సులువుగా దొరుకుతాయి. మొదటిసారి చదివేవాళ్ళు వాటి జోలికి పోవద్దు. ఆయన స్పెల్లింగు దిద్దాడు, ఇంటి గుట్టనిపించినవి తీసేశాడు. బడికి పోని మనిషి చెవితో విని రాసిన తీరు దిద్దిన పాఠంలో కనపడదు.

కాగితం తీరు తెలిస్తే ఖాళీలు ఎందుకున్నాయో అర్థమవుతుంది. అప్పుడు కవర్లు లేవు. ఒక పెద్ద కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పుటలు. మూడింట్లో రాత, నాలుగోదాని మీద చిరునామా. మడిచి లక్కతో అతికిస్తారు. విప్పేటప్పుడు లక్కతో పాటు కాగితం ముక్క ఊడొస్తుంది, అక్కడున్న మాటలూ పోతాయి. అచ్చుపాఠంలో వాక్యం నడుమ చతురస్రపు బ్రాకెట్లు కనిపిస్తే చాలాసార్లు కారణం ఇదే. నీలం రంగు ఇన్‌లాండ్ లెటర్‌ను తొందరలో చించినప్పుడు మడత లోపల రాసిన నాలుగు అక్షరాలు పోయేవి, సరిగ్గా అట్లాగే.

డబ్బు లెక్క రాకుంటే సగం జాబు చీకట్లోనే ఉంటుంది. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. మసాచుసెట్స్ లెక్కన స్పానిష్ వెండి డాలరుకు 6 షిల్లింగులు. 1775 జూన్‌లో ఆమె గుండుసూదులు పంపమని రాసింది: ఏడున్నర షిల్లింగులకు వచ్చేవి ఇప్పుడు 20 అంటున్నారు, ఆ ధరకూ దొరకడం లేదని. 90 పెన్నీల సరుకు 240 అయింది, రెండున్నర రెట్లకు పైనే. 1777 జూలై 31 జాబులో కాఫీ సంగతి ఉంది. ఒక వ్యాపారి పౌండు కాఫీ (ఇక్కడ పౌండు తూకం, అరకిలోకు కాస్త తక్కువ) 6 షిల్లింగులకు తక్కువ ఇవ్వనన్నాడు. వంద మందని కొందరు, ఇంకా ఎక్కువని కొందరు అంటారు, అంతమంది ఆడవాళ్ళు బండి తోలుకొని వచ్చారు. తాళంచెవులు ఇవ్వనంటే ఒకామె మెడపట్టి బండిలో పడేసింది. గిడ్డంగి తెరిచి కాఫీ ఎత్తుకొని పోయారు. మగవాళ్ళంతా నోరు మెదపకుండా చూస్తూ నిలబడ్డారట. అప్పటికి కాగితం డబ్బు విలువ పడిపోతోంది, అందువల్ల 1777 షిల్లింగును 1775 షిల్లింగుతో సమానంగా లెక్కగట్టకూడదు.

జాన్ ఐరోపాలో ఉండగా ఆమె డబ్బు కంటే సరుకే పంపమనేది. చేతిరుమాళ్ళు, రిబ్బన్ల వంటివి చుట్టాల ద్వారా అమ్మించేది, అందులో మిగులు ఎక్కువ. ఆయనకు భూమి మీద మోజు, ఆమెకు ప్రభుత్వ బాండ్ల మీద గురి. ఆనాటి చట్టంలో పెళ్ళైన ఆడదానికి సొంత ఆస్తి లేదు. అది తెలిస్తే "అన్నట్టు" వెనక ఉన్నదేమిటో తెలుస్తుంది.

తెలుగు చేసేవాళ్ళకు మొదటి చిక్కు సంబోధన, "మై డియరెస్ట్ ఫ్రెండ్". "నా అత్యంత ప్రియ మిత్రమా" అని పెడితే కాలేజీ స్నేహంలా ఉంటుంది. ఆ కాలపు వాడుకలో ఆ మాట కట్టుకున్నవాళ్ళకూ, దగ్గరి చుట్టాలకూ సరిపోయేది. నా మట్టుకు "నా ఆప్తునికి" సరైనది. నువ్వా, మీరా అన్నది రెండో చిక్కు. మీరు అనే పెట్టండి. "మగవాళ్ళకు వీలుంటే అందరూ నిరంకుశులే అవుతారు" అని మీరు అంటూ పొడిస్తేనే పోటు తగులుతుంది. చాలా జాబుల్లో సంతకం పోర్షియా అని ఉంటుంది, రోమన్ నాయకుడు బ్రూటస్ భార్య పేరు అది. దాన్ని అట్లాగే ఉంచండి.

ఇవి మిగిలినందుకు సంతోషించాలి. జార్జి వాషింగ్టన్ భార్య మార్తా తమ ఇద్దరి జాబులు దాదాపు అన్నీ కాల్చేసింది. 1775 జూన్‌లో ఆయన ఆమెకు రాసిన రెండు జాబులు ఒక రాతబల్ల సొరుగులో దొరికాయి. అబిగెయిల్ కూడా కాల్చేయమనే అడిగింది, జాన్ వినలేదు. 1776 జూన్ 2న ఆయన ఒక పెద్ద నోటుపుస్తకం కొని ఇకనుంచి నీకు రాసే ప్రతి జాబుకూ నకలు ఉంచుకుంటానని, పంపే దారి దొరికితే నీకూ అట్లాంటిదొకటి పంపేవాణ్ణని రాశాడు.

కువైట్ జాబుల కట్ట ఇంట్లో ఉన్నవాళ్ళు ఈ ఎండాకాలం లోపల చేయాల్సింది కొంత ఉంది. తీగకు గుచ్చినవి మెల్లగా తీయండి, గుండుసూదులు, క్లిప్పులు తీసేయండి, తుప్పు కాగితాన్ని తినేస్తుంది. చిరిగినచోట టేపు వేయొద్దు, పసుపెక్కి జిగురు అక్షరాల్లోకి దిగుతుంది. లామినేషన్ అసలే వద్దు. రేకుల కప్పు కింద అటక మీదున్న ట్రంకుపెట్టెను కిందికి దించండి, ఆ వేడికి మడతలు పెళుసెక్కి విరుగుతాయి. కలరా ఉండలు వేస్తే గుడ్డలో మూటకట్టి ఓ మూలన పెట్టండి, కాగితానికి తగలనీయకండి. కిటికీ పక్క నీడ వెలుతురులో రెండువైపులా ఫొటో తీయండి, మడత లోపలి భాగం మరవకండి. చాలా జాబుల్లో తారీఖు ఉండదు, పోస్టు ముద్ర చూసి పెన్సిలుతో వెనక రాయండి. స్టాంపు కోసం పిల్లలు ఆ మూల చించేసి ఉంటే, లోపల పంట ఊసో, పిల్లల తరగతి ఊసో ఉందేమో చూసి ఏ సంవత్సరమో పెద్దావిడను అడగండి.