ఓడ గాల్లో తేలుతుంటే నీటి వేడి చూడండి

విశాఖ ఆర్‌.కె. బీచ్‌లో నిలబడి చూస్తే, దూరాన లంగరేసిన ఓడలు ఒక్కోరోజు ఒక్కో ఎత్తులో కనిపిస్తాయి. ఓడ కదలకపోయినా ఇలా జరుగుతుందంటే కారణం నీటిని ఆనుకుని ఉన్న కొద్ది మీటర్ల గాలి. చల్లగాలి చిక్కన, వేడిగాలి పలుచన. కాంతి చిక్కటి గాలి వైపే వంగుతుంది. మిగతాదంతా ఇందులోంచే వస్తుంది.

మామూలు రోజుల్లో పైకి పోయేకొద్దీ గాలి పలుచబడుతుంది కాబట్టి కాంతి కాస్త భూమి వైపు వంగుతూ వస్తుంది. ఈ వంగడమే వక్రీభవనం. అందుకే భూమి గుండ్రదనం లెక్క చెప్పేదానికన్నా ఇంకొంచెం దూరం కనిపిస్తుంది. కంటి ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే వక్రీభవనం లేని దిగంత దూరం, సుమారు 3.86తో గుణిస్తే వక్రీభవనం కలిసిన దూరం కిలోమీటర్లలో వస్తాయి. 2 మీటర్ల ఎత్తుకి అవి 5.05, 5.46. ఇంతేనా అనుకోకండి. 20 కి.మీ. దూరంలోని ఓడకు ఇదే లెక్క వేస్తే, మొదటి పద్ధతిలో కింది 17.5 మీటర్లు దాగాలి, రెండో దాంట్లో 14.2 మీటర్లే. దాదాపు ఒక అంతస్తు తేడా! ఎత్తు కొలవాల్సింది ఇసుక నుంచి కాదు, అప్పటి నీటి మట్టం నుంచి. ఆటుపోట్లను వదిలేసి వేసిన లెక్కలు ఎక్కువగా ఇక్కడే తప్పుతాయి.

ఆ 3.86 సగటు రోజుకు మాత్రమే. చలికాలం తెల్లవారుజామున నేల మీంచి చల్లగాలి వెచ్చటి నీటి మీదికి వీస్తుంది. నీటికి ఆనుకున్న పొర వేడెక్కి పలుచబడుతుంది, కాంతి పైకి వంగుతుంది. అప్పుడు ఓడ అడుగు భాగం అసలు కనిపించదు. దాని చోట పైభాగం తలకిందులుగా కనిపిస్తుంది, దాని కింద ఆకాశం ముక్క. అందుకే ఓడ తేలినట్టుంటుంది. బైనాక్యులర్‌ను గోడ మీద కదలకుండా ఆన్చి చూస్తూ మెల్లగా కిందికి వంగండి, తలకిందుల బొమ్మ పెరుగుతుంది. నాలుగు మెట్లెక్కండి, తగ్గిపోతుంది. ఓడే మారితే మీరు వంగినంత మాత్రాన బొమ్మ మారదు కదా.

మార్చి నుంచి మే దాకా సంగతి తిరగబడుతుంది. నైరుతి గాలులు తీరం వెంబడి వీచి పైనీటిని తీరానికి దూరంగా నడిసముద్రం వైపు నెడితే, అడుగు చల్లనీరు పైకొస్తుంది. దాని మీద వేడిగాలి నిలిస్తే ఓడలు పొడుగ్గా సాగుతాయి, దిగంతం వెనకవి పైకి లేచి కనిపిస్తాయి. పైకి పోయేకొద్దీ మీటరుకు సుమారు 0.13 డిగ్రీల సెల్సియస్ చొప్పున గాలి వేడి పెరిగితే కాంతి వంపు భూమి వంపుతో సమానమవుతుంది. ఆ పొరలో సముద్రం బల్లపరుపుగా కనిపిస్తుంది. ఒక్క ఫొటో పెట్టి భూమి ఆకారం తేల్చేసేవాళ్లు ముందు ఆ రోజు నీటి, గాలి ఉష్ణోగ్రతలు చెప్పాలి.

దిగంతం నుంచి నక్షత్రం ఎంత కోణంలో ఉందో కొలిచి ఓడ ఎక్కడుందో తేల్చే పరికరం సెక్స్‌టెంట్. దాన్ని పట్టేవాళ్లకు ఇది ప్రాణం మీది మాట. కంటికి సమానమైన మట్టం కన్నా దిగంతం ఎంత కోణం కిందికి కనిపిస్తుందో అదే దిగంతపు దిగుడు. పట్టికలు దాన్ని మీటర్లలో కంటి ఎత్తు వర్గమూలానికి 1.76 రెట్లు, కోణపు నిమిషాల్లో (డిగ్రీలో అరవయ్యో వంతు), ఇస్తాయి. 9 మీటర్ల ఎత్తుకి 5.3 నిమిషాలు. నీరు గాలికన్నా వెచ్చగా ఉంటే దిగంతం ఇంకా కిందికి జారుతుంది, కొలిచిన కోణం ఎక్కువ వస్తుంది. నీరు చల్లగా ఉంటే తక్కువ వస్తుంది. ఒక్క నిమిషం తప్పితే ఒక నాటికల్ మైలు తప్పినట్టే. బకెట్‌తో నీరు తోడి థర్మామీటరు పెట్టండి. గాలికీ దానికీ తేడా ఎక్కువుంటే ఒక నక్షత్రంతో ఆగకుండా, ఎదురు దిక్కున ఇంకోదాన్నీ కొలవండి. అన్ని దిక్కులా గాలి ఒకేలా ఉంటే ఒక్కో కొలత నుంచి పటం మీద గీసే స్థాన రేఖలు రెండూ చెరోవైపు అంతే జరుగుతాయి, మీరు వాటి నడిమధ్య ఉంటారు.