రిపోర్టులో ఆఖరి లైను

మూడు నెలలుగా మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికి కళ్లు మూతలు పడటం. "ఆ ఫోన్ పక్కన పెట్టి పడుకోవే" అని అమ్మ. చివరికి ల్యాబ్ అబ్బాయిని ఇంటికే పిలిపించి పరీక్షకి రక్తం ఇచ్చా. నరం దొరక్క రెండుసార్లు గుచ్చాడు ఆ అబ్బాయి (పాపం, నాకంటే అతనికే ఎక్కువ టెన్షన్).

థైరాయిడ్ బాగుంది, బి12 బాగుంది. హిమోగ్లోబిన్ 12.1. ఆడవాళ్లకి 12 ఉంటే చాలు కదా అని సంబరపడ్డా. కింద చూస్తే ఫెరిటిన్ (ఐరన్ నిల్వల కొలత) 8! 15 కన్నా తగ్గితేనే ఒంట్లో ఐరన్ నిల్వలు అడుగంటినట్టట. రక్తహీనత ఇంకా బయటపడలేదంతే.

మాత్రలు నేనే కొనేసుకునేదాన్ని. డాక్టరమ్మ ఆపి ముందు నెలసరి గురించి అడిగారు. అంత బ్లీడింగ్ మామూలే అనుకున్నా ఇన్నేళ్లూ. అన్నం తినగానే టీ తాగితే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదట, అది కూడా మానమన్నారు. మాత్రల కన్నా అదే కష్టంగా ఉంది.